నాదని

బెల్లం మండీలో కాటా వేసే చెయ్యి నాది.
పొద్దు వాలేసరికి వేళ్ళు ఒకదానికొకటి అతుక్కునేవి.
ఆ చేత్తోనే రాసినాను కార్డు,
పదిహేను పైసల పచ్చ కార్డు,
తిరుపతి రేడియోకి, కోరిన పాటల అక్కకి.

ఆమె పేరు మాకు తెలీదు.
అప్పట్లో పాటలేసేవాళ్ళు పేరు చెప్పుకునేవాళ్ళు కారు.
ముందుగా ఒక చిన్న దగ్గు,
కాయితం తిప్పిన చప్పుడు,
ఆ తరువాత ఊర్లు:
ఐరాల, పెనుమూరు, పూతలపట్టు, కార్వేటినగరం.
బస్సు పోని పల్లెలకు కూడా
ఆమె నోట్లో ఒక దోవ ఉండేది.
రికార్డు మీద ముల్లు ఇరుక్కుంటే
"మన్నించాలి" అనేది.
పర్లేదక్కా అని మండీ అంతా బదులు చెప్పేది.

పదకొండో వారం నా కార్డు ఎక్కింది.
హమాలీలు బస్తాలు దించి నిలబడినారు.
మొదలియారు రాసే లెక్క రాయకుండా ఆగినాడు.
"చిత్తూరు బెల్లం మండీ నుంచి..."
ఒక్క రవ్వ తడబాటు,
"నాదని."

నాదముని అని రాసినాను సామీ.
నడిమధ్య ము మీద బొటనేలి బెల్లం పడింది.
తపాలా సంచిలో చీమలు
దాన్ని కొంచెం కొంచెం తినేసినట్టుండాయి.

పాట అయిపోయేలోగా పేరు మారిపోయింది నాకు.
ఈ బస్తా ఎవరిదిరా? నాదని.
ఈ బీడీ ముక్క ఎవరిది? నాదని.
పెండ్లి పత్రికలో కూడా అదే అచ్చేయించబోయినారు
మా మేనమామ కొడుకులు.
ఒక వారం తల ఎత్తలేదు నేను.
ఆ తరువాత తోచింది,
జిల్లా అంతా వింటా ఉండగా
ఒక పాటను నాదని చెప్పుకున్న కాటా కూలీ
ఇంకెవడుండాడు?

ఎఫ్ఎమ్ వచ్చినాక దగ్గు పోయింది.
ఒక పిల్లోడు, ముందు పేరు చెప్పి
తరువాత ఊపిరి తీసుకునేవాడు.
తలుపు తట్టకుండా వంటింట్లోకి వచ్చేసే చుట్టం మాదిరి
హాయ్ హాయ్ హాయ్.
మంచోడే. నవ్వించేవాడు.
ఫోను కలిస్తే టిఫినేం తిన్నారు సార్ అన్నాడు,
రాగిసంకటి అంటే వావ్ అన్నాడు,
ఆ వావ్ సగంలో ఉండగానే
రేణిగుంట రోడ్డు ప్లాట్ల బేరం దూరింది.
పల్లవికి ముందు వాడు, చరణం మీద వాడు,
సందు దొరికితే పాట.
అయినా వాడికి జలుబు చేస్తే మాకు తెలిసేది.
పెండ్లి కుదిరిన వారమంతా డ్యూయెట్లే వేసినాడు.
చెప్పాపెట్టకుండా ఒక సోమవారం రాలేదు,
ఇంకెవరో హాయ్ అన్నారు.

ఇప్పుడు కాటా కాడ యాసిన్ ఫోన్లో
వేరే గొంతు ఉండాది.
"శుభోదయం నాదముని గారూ" అంటుంది.
ము ఎక్కడికీ పోదు.
వత్తులూ దీర్ఘాలూ గ్రాము తేడా రావు.
నాకేది నచ్చుతుందో నాకంటే ముందే తెలుసంట.
పదకొండు వారాలు కాదు
పదకొండు సెకన్లు కూడా కాచుకోనివ్వదు.
అదే పొద్దున పీలేరులో ఇంకొకర్ని
అదే పాకంతో పిలుస్తా ఉంటుంది.
ఇది దగ్గదేమిరా అంటే
దగ్గుతుందన్నా, సెట్టింగు ఉంటుంది అంటాడు వాడు.

పోయిన ఆడి నెలలో, పాకాల మీదుగా పోయే బస్సులో
ముందు సీటు ముసలామె
పర్సులో నోటు వెతుక్కుంటా, చిన్నగా దగ్గి,
కండక్టరుతో అనింది:
"దామలచెరువు, ఒకటి."

కమ్మీ పట్టుకోని లేచినాను.
అమ్మా, నేను నాదని.

ఆమెకు గుర్తు లేదు.
ఎట్లుంటుంది, రోజుకు నలభై పేర్లు, ఇరవై ఏండ్లు.
"తప్పు చదివినానా నాయనా?"
లేదమ్మా, సరిగ్గానే చదివినారు అన్నాను.
అది అబద్ధమా కాదా
ఇప్పటికీ తూకం వేస్తానే ఉండాను,
ముల్లు నిలబడదు.

మామిడికాయల లారీల నడుమ దిగి
కొంగు సర్దుకుంటా పోయింది.
బస్సు కదిలినాక గుర్తొచ్చింది,
ఈసారి కూడా
పేరు అడగలేదు.